పూర్ (ఊరి పేర్ల చివరి పదం)

పూర్ అనేది ఊరి పేర్ల చివర కనిపించే చిన్న పదం. సంగారెడ్డి జిల్లాలో అమీన్‌పూర్, సుల్తాన్‌పూర్, ఇస్నాపూర్, నర్సాపూర్ వైపు బస్సుల బోర్డుల మీద నిత్యం కనిపిస్తుంది. సంస్కృతం నుంచి వచ్చిన ‘పురం’ దీనికి మరో రూపం.

అమీన్‌పూర్‌లో మొదటి సగం అరబ్బీ. అమీన్ అంటే నమ్మదగినవాడు. మొగలుల పాలనలో భూమి శిస్తు నిర్ణయించే అధికారిని కూడా అమీన్ అనేవారు. జప్తు కాగితం పట్టుకొచ్చే కోర్టు అమీనాగా ఆ మాట తెలుగువారి నోట నిలిచింది. రెండో సగం రుగ్వేద కాలానిది. రెండు భాషా కుటుంబాలు ఒక్క ఊరి పేరులో ఇంత సహజంగా కలిసిపోయాయి.

రుగ్వేదంలో ‘పుర్’ అంటే ఊరు కాదు, కోట, ప్రాకారం. శత్రువుల కోటలను కూల్చినందుకే ఇంద్రుడు పురందరుడయ్యాడు. ప్రాకారం లోపల జనం స్థిరపడ్డాక ఆ మాట పట్టణానికి పేరైంది. లిథువేనియన్ ‘పిలిస్’, లాట్వియన్ ‘పిల్స్’ ఈ పదానికి తోబుట్టువులు. అక్కడ నేటికీ వాటి అర్థం కోటే. గ్రీకు ‘పోలిస్’ కూడా ఈ కుటుంబానిదే. ఏథెన్స్‌లో కొండమీది అక్రోపోలిస్‌ను పూర్వం ఒట్టి ‘పోలిస్’ అనేవారు. ఐరోపాలో ఇలాంటి దారిలోనే నడిచిన వేరే పదం ఒకటుంది. ఐరిష్ ‘దూన్’ అంటే కోట; స్వీడన్‌లో సిగ్‌తునా, ఎస్కిల్స్‌తునా పేర్ల చివరి ‘తునా’ కంచె వేసిన చోటు అన్న అర్థం నుంచి పుట్టింది. మనుషులు ముందు గోడ కట్టుకుని, తర్వాత దానికే ఊరని పేరు పెట్టుకున్నారు.

తెలుగు సంస్కృత నామాలకు ‘ము’, ‘ం’ చేరుస్తుంది: పురము, పురం. హిందీ, ఉర్దూలు చివరి అకారాన్ని రాల్చేస్తాయి: పుర్. ఉర్దూ లిపిలో దీన్ని పే, వావ్, రే అక్షరాలతో రాస్తారు. మన దీర్ఘానికి ఆ వావ్ తోడ్పడిందనుకోవచ్చు. నిజాం రాజ్యంలో 1880ల వరకు పారసీ, తర్వాత ఉర్దూ పాలనా భాషలు కావడంతో దస్తావేజుల్లో ‘పూర్’ స్థిరపడింది. అందుకే మెదక్ వైపు నర్సాపూర్ అంటే, గోదావరి తీరాన నరసాపురం అంటారు. అయితే ఇదేమీ గట్టి సరిహద్దు కాదు. బీహెచ్‌ఈఎల్ కర్మాగారం ఉన్న రామచంద్రపురం అమీన్‌పూర్ పక్కనే ఉంది.

పౌరుడు, అంతఃపురం, పురపాలక సంఘం అన్నీ ఈ పదం సంతానమే. అమీన్‌పూర్ పంచాయతీ పురపాలక సంఘంగా మారినప్పుడు కార్యాలయం బోర్డు మీద ఒకే పదం రెండుసార్లు ఎక్కింది. సముద్రం దాటి ఇదే పదం సింగపూర్‌లో ఉంది. థాయిలాండ్‌లో ‘పురి’ కాస్తా ‘బురి’ అయి కాంచనబురి, ఫెచ్చబురి పేర్లలో నిలిచింది.

వినికిడి పోలికను నమ్మి అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కౌలాలంపూర్‌లో ఉన్నది మలయ్ పదం ‘లుంపూర్’, అంటే బురద. ఇరాన్‌లోని నీషాపూర్‌కు ఆ పేరు షాపూర్ అనే రాజు వల్ల వచ్చింది; షాపూర్ అంటే రాజకుమారుడు. ఆ పారసీ ‘పూర్’కు కొడుకు అని అర్థం, దాని చుట్టం మన ‘పుత్ర’.