లోకల్ అంటే ఎవరు?

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెళ్లేవాళ్లు ర్యాంకు కార్డుతో పాటు భద్రంగా పట్టుకెళ్లే కాగితాలు ఇంకొన్ని ఉన్నాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. మనం లోకలో నాన్‌లోకలో తేల్చేవి ఆ ఏడేళ్ల కాగితాలే.

ఈ ప్రశ్న వయసు వందేళ్లకు పైనే. నిజాం కాలంలో, 1919 నాటి ముల్కీ నిబంధనలు సర్కారు కొలువులు స్థానికులకే అన్నాయి. బయటినుంచి వచ్చినవాళ్లు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్లు ఇక్కడ ఉండాలి. ఆ రక్షణ కాగితాలకే పరిమితమైందని 1952లో, మళ్లీ 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంటే అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974లో కాలేజీ ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి.

ఆ ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అని మూడు యూనివర్సిటీ ప్రాంతాలుగా విడగొట్టింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉస్మానియా కిందికి వచ్చాయి. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. మరి లోకల్ ఎవరు? పుట్టిన ఊరు, ఇంట్లో మాట్లాడే యాస లెక్కలోకి రావు. అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే, ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు.

బడులు ఆలస్యంగా వచ్చిన జిల్లాలకి ఈ ఉత్తర్వు అండగా నిలిచింది, అందులో అనుమానం లేదు. కానీ అది ఊహించుకున్న పిల్లవాడు ఒకేచోట కుదురుగా ఉండేవాడు. పాలమూరు బతుకేమో వలస. బొంబాయికో, భివండీకో, పుణెకో మేస్త్రీ వెంట కదిలిన కుటుంబంతో వెళ్లి, ఆ ఏడేళ్లూ అక్కడే చదివిన పిల్ల సొంత జిల్లాలోనే నాన్‌లోకల్ అవుతుంది. అమ్మానాన్నల్లో ఒకరు, బయట పనిచేసిన కాలం తీసేసినా, పదేళ్లు రాష్ట్రంలో ఉన్నారని రుజువు చూపిస్తే మిగతా 15 శాతం సీట్లకి పోటీ పడొచ్చు. అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లు ఆ రుజువు కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ ఎన్ని రోజులు తిరగగలరు?

వైద్యవిద్యలో తెలంగాణ పెట్టుకున్న నాలుగేళ్ల నిబంధన 2025లో సుప్రీంకోర్టులో నిలబడింది. అంటే ఈ కొలత ఇప్పట్లో మారదు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో నల్లగొండకీ, పాలమూరు యూనివర్సిటీ 2008లో మహబూబ్‌నగర్‌కీ వచ్చాయి. చదువు ఇంటి దగ్గరికొచ్చింది, బాగానే ఉంది. కానీ ఊళ్లో నాయనమ్మ దగ్గరో, సర్కారు హాస్టల్లోనో వదిలేసి వెళ్లిన పిల్ల లోకల్. అమ్మ కొంగు పట్టుకుని వెంట వెళ్లిన ఆమె చెల్లెలు కాదు.