మోకు చుట్ట – నత్తగుల్ల

మైలవరంలో లెక్కలు చెప్పిన రోజుల్లో, సర్పిలం అనగానే మామిడి లారీలకు బిగించే మోకు చుట్టనూ, చెరువుగట్టు నత్తగుల్లనూ ఒకే గాటన కట్టేవాణ్ణి. రెండూ ఒకటి కావు. చుట్టలో తాడు మందమెంతో వరసల ఎడం అంతే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ గ్రంథం రాసింది దీనిమీదే. గుల్లలో ఆ ఎడం చుట్టుచుట్టుకూ ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది. నత్త ఎంత ఎదిగినా గుల్ల ఆకారం మారదు. 1638లో డెకార్ట్ గుర్తించిన ఈ రెండో రేఖ అంటే జాకబ్ బెర్నౌలీకి వల్లమాలిన మమకారం. తన సమాధిపై దాన్నే చెక్కమన్నాడు. 1705లో ఆయన పోయాక బేసెల్‌లో శిల్పి చెక్కింది మాత్రం మోకు చుట్ట! ఆ శిల్పిని చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఈ సంచిక నా పాత విద్యార్థుల కంట పడితే, ఆనాటి బొమ్మ దిద్దుకోవలసిందిగా మనవి.