కొనని టికెట్‌కు తగిలిన లాటరీ

కవరు మీద పేరు, ఇంటి నంబరు అన్నీ సరిగ్గానే ఉంటాయి. లోపల రెండు కాగితాలు. ఒకటి ఉత్తరం. ఫలానా అంతర్జాతీయ లాటరీలో మీకు లక్ష డాలర్ల పైచిలుకు బహుమతి తగిలిందనీ, పన్నులు, బీమా ఖర్చులు కట్టగానే మొత్తం చేతికొస్తుందనీ అందులో ఉంటుంది. రెండోది చెక్కు. మూడు నాలుగు వేల డాలర్లకు రాసి ఉంటుంది. ఖర్చుల కోసమే ఈ చెక్కు, మీ ఖాతాలో వేసుకుని అందులోంచే పన్ను సొమ్ము మాకు పంపండి, మీ జేబులోంచి పైసా తీయనక్కర్లేదు అని ఉత్తరం భరోసా ఇస్తుంది. కింద ఒక ఫోన్ నంబరు, బహుమతి అందేదాకా ఎవరికీ చెప్పవద్దని ఒక హెచ్చరిక.

చెక్కు బ్యాంకులో వేస్తే ఒకటి రెండు రోజుల్లో ఖాతాలో డబ్బు కనిపిస్తుంది. ఉత్తరంలో చెప్పినట్టే పంపేస్తారు. వారమో, రెండు వారాలో గడిచాక చెక్కు నకిలీదని తేలుతుంది. బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాదారు నుంచే వసూలు చేసుకుంటుంది. పంపిన సొమ్ము మాత్రం తిరిగి రాదు.

అమెరికాలో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ మోసం గురించి చదివినప్పుడు, అత్యాశకు పోయారు, అనుభవించారు అని తేల్చేసేవారే ఎక్కువ. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. దీని పుట్టుక నుంచి తిరగేసి చూస్తే కనిపించేది వేరు. జనం నమ్మి తీరాల్సిన వ్యవస్థలు కొన్ని ఉంటాయి. తపాలా, పేరున్న ప్రచురణ సంస్థలు, బ్యాంకు. మోసగాళ్లు ఒక్కో కాలంలో ఒక్కోదాన్ని వాడుకుంటూ వచ్చారు.

తపాలాతో మొదలెడదాం. ఫ్రెంచి విప్లవం తర్వాతి రోజుల్లో ప్యారిస్ దగ్గరి బిసెత్ర్ జైలు ఖైదీలు డబ్బున్నవాళ్లకు ఉత్తరాలు రాసేవారు. నేనొక దొరగారి నౌకరుని, విప్లవ కాలంలో పారిపోతూ నగల పెట్టె దాచిపెట్టాం, ఇప్పుడు జైల్లో ఇరుక్కున్నాను, కాస్త డబ్బు సర్దితే ఆ పెట్టె ఎక్కడుందో చెప్తాను, ఇదీ కథ. ముందు దొంగగా, తర్వాత పోలీసుగా పేరుపడ్డ విడోక్ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశాడు. నూరు ఉత్తరాలు పంపితే ఇరవైకి జవాబు వచ్చేదట. 19వ శతాబ్దం చివరికి ఇదే కథ ‘స్పానిష్ ఖైదీ’ పేరుతో అట్లాంటిక్ దాటి అమెరికాకు చేరింది. ముందు చిన్న మొత్తం ఇవ్వు, తర్వాత పెద్ద మొత్తం పట్టుకుపో అనే సూత్రం అప్పటికే గట్టిపడింది.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక తపాలా మారుమూల పల్లెలకు సైతం ఉత్తరాలు చేరుస్తుండగా, నగరాల్లో కూర్చున్న మోసగాళ్లకు దేశమంతా అందుబాటులోకి వచ్చింది. 1872లో తపాలా చట్టాలను తిరగరాస్తూ, మోసానికి పోస్టును వాడటం నేరమని అమెరికా కాంగ్రెస్ ఒక సెక్షన్ చేర్చింది. నేటి మెయిల్ ఫ్రాడ్ చట్టానికి అదే మూలం. ఆ మరుసటి ఏడాది తపాలా శాఖకు ప్రత్యేక ఏజెంటుగా చేరిన ఆంథొనీ కామ్‌స్టాక్, 1880లో ఇలాంటి మోసాల మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. పోస్టులో నడిచే బూటకపు లాటరీలకు అందులో చోటుంది.

1895 నాటికి రాష్ట్రాల మధ్య లాటరీ టికెట్లు పంపడమే నిషిద్ధమైంది. అమెరికా చట్టం దృష్టిలో లాటరీకి మూడు అంగాలు: బహుమతి, అదృష్టం, టికెట్‌కు చెల్లించే సొమ్ము. మూడోది తీసేస్తే అది లాటరీ కాదు. ఈ సందులోంచి పుట్టిందే ‘స్వీప్‌స్టేక్స్’. పత్రికల చందాలు అమ్మేందుకు హెరాల్డ్ మెర్ట్జ్ 1953లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ పెట్టాడు. 1967లో అది చందాలతో పాటు బహుమతుల పోటీ కూడా మొదలుపెట్టింది. ఏదీ కొనక్కర్లేదు, పేరు పంపితే చాలు. నిజంగానే బహుమతులు ఇచ్చేవారు. కానీ కవర్ల మీద ‘మీరే విజేత’ అన్నది పెద్ద అక్షరాల్లో, ‘మీ నంబరు గెలిస్తే’ అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేవి. చూడ్డానికి చెక్కులాగే ఉండే కాగితం కూడా ఇలాంటి కవర్లలో వచ్చేది.

1990లలో ఇలాంటి మరో కంపెనీ ఉత్తరం అక్షరాలా నిజమనుకుని, చేతిలో కవరు పట్టుకుని, బహుమతి అందుకోవడానికి ఫ్లోరిడాలోని టాంపా నగరానికి విమానమెక్కి వచ్చిన వృద్ధులు ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే నాకు నవ్వు రాదు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మి వచ్చిన తరం అది. సెనెటర్ సూసన్ కాలిన్స్ పూనికతో విచారణలు జరిగి, 1999 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది. కొనక్కర్లేదనీ, కొన్నంత మాత్రాన గెలిచే అవకాశం పెరగదనీ స్పష్టంగా రాయాలి. చెక్కులాంటి కాగితం పంపితే అది చెల్లదని దాని మీదే ముద్రించాలి. అయితే అప్పటికే ముప్పై ఏళ్లుగా జనం కళ్లు అలాంటి కవర్లకు అలవాటుపడిపోయాయి. మోసగాడు కొత్తగా చేయాల్సిందల్లా డిపాజిట్ చేయగలిగిన చెక్కు పెట్టడమే.

ఇక బ్యాంకు. అసలు కథ ఇక్కడే ఉంది. 1980లలో అమెరికా బ్యాంకులు ఖాతాదారు వేసిన చెక్కు డబ్బును రోజుల తరబడి వాడుకోనిచ్చేవి కావు. జనం గగ్గోలు పెట్టారు. 1987లో కాంగ్రెస్ చట్టం చేసింది, 1988 సెప్టెంబరు నుంచి అమలైంది. చెక్కు డబ్బును నిర్ణీత రోజుల్లోగా బ్యాంకు వాడుకోనివ్వాలి. బ్యాంకే తన పేరున జారీచేసే క్యాషియర్ చెక్కులకు, తపాలా మనీ ఆర్డర్లకు గడువు మరీ తక్కువ, చాలా సందర్భాల్లో మర్నాడే. సామాన్యుడికి మేలు చేసిన చట్టమే, సందేహం లేదు. కానీ డబ్బు వాడుకోనివ్వడం వేరు, చెక్కు నిజంగా పాస్ కావడం వేరు. నకిలీదని తేలితే, వారాల తర్వాతైనా, బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న రోజులే మోసగాడి పెట్టుబడి. నకిలీల్లో క్యాషియర్ చెక్కులు, మనీ ఆర్డర్లు అంతగా కనిపించడానికి కారణం కూడా ఆ గడువే.

చెక్కు అడుగున అయస్కాంత సిరాతో ముద్రించే అంకెల వరుస చూడండి. అందులో తొమ్మిదంకెల రూటింగ్ నంబరు చెక్కు ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్తుంది. కాగితపు చెక్కులు ఊళ్లు దాటుకుంటూ ప్రయాణించిన రోజుల్లో, మోసగాళ్లు పైన ఒక బ్యాంకు పేరు వేసి కింద మరో బ్యాంకు నంబరు ముద్రించేవారు. చెక్కు తప్పు చిరునామాకు వెళ్లి తిరిగొచ్చేసరికి వాళ్లకు ఇంకొన్ని రోజులు కలిసొచ్చేవి. 1990ల నాటికి మంచి ప్రింటర్లు, ఖాళీ చెక్కు కాగితం ఎవరికైనా దొరికేవి. చెక్కు మీద ఉండే కంపెనీ పేరు చాలాసార్లు నిజమైనదే, ఖాతా నంబరూ నిజమైనదే. అందుకే కౌంటరులో ఉన్న ఉద్యోగికీ అనుమానం రాదు. ‘మీ డబ్బు వచ్చేసిందండీ’ అని ఆ ఉద్యోగి చెప్పిన మాటే ఖాతాదారుకు చివరి సాక్ష్యం. బ్యాంకు మాట నమ్మడం అత్యాశ ఎలా అవుతుంది?

2007లో అమెరికా తపాలా తనిఖీ విభాగం నైజీరియా, నెదర్లాండ్స్, కెనడా, బ్రిటన్‌లతో కలిసి ఎనిమిది నెలల పాటు దాడులు చేసింది. 200 కోట్ల డాలర్లకు పైగా విలువ రాసి ఉన్న నకిలీ చెక్కులు పట్టుబడ్డాయి. దోచిన సొమ్మును దేశాలు దాటించిన దారి కూడా తర్వాత బయటపడింది. తన ఏజెంట్ల ద్వారా మోసాలు సాగుతున్నా అడ్డుకోలేదని ఒప్పుకున్న వెస్ట్రన్ యూనియన్ 2017లో 58.6 కోట్ల డాలర్లు చెల్లించింది. అందులోంచి బాధితులకు పరిహారం అందింది.

ఇప్పుడు బహుమతి కథ పాతబడింది, చెక్కు మాత్రం మిగిలింది. అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఈ కొత్త రూపాన్ని తప్పక తెలుసుకోవాలి. ప్రొఫెసర్ పేరుతో పార్ట్‌టైమ్ ఉద్యోగమంటూ మెయిల్ వస్తుంది. ఆఫీసు సామాన్లు కొనమనో, గిఫ్ట్ కార్డులు తీసి నంబర్లు పంపమనో చెక్కు పంపుతారు. లోపలి కిటుకు అదే.

మన దగ్గర చెక్కు బదులు స్క్రాచ్ కార్డు వస్తోంది. ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ పేరుతో పోస్టులో కవరు, గీకితే కారు, జీఎస్టీ ముందు కట్టమని ఫోను. విదేశీ లాటరీల కోసం డబ్బు పంపడం ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం ప్రకారం నిషిద్ధమని రిజర్వ్ బ్యాంకు 2010లోనే హెచ్చరించింది. మోసగాళ్లు తన పేరు వాడుకోవడం చూసి, వ్యక్తుల పేరిట తాము ఖాతాలు నిర్వహించబోమని కూడా చెప్తూనే ఉంది.

ఇలాంటి కవరు మీ ఇంటికొస్తే పారేయకండి. చెక్కు ఏ బ్యాంకుదో ఆ బ్యాంకు నంబరు మీరే వెతుక్కుని ఫోన్ చేయండి, ఉత్తరంలో ఉన్న నంబరుకు కాదు. అమెరికాలో ఉంటే తపాలా తనిఖీ విభాగానికి ఫిర్యాదు చేయండి. ఇక్కడ ఫోన్లోనో ఆన్‌లైన్లోనో డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే దయచేసి కసురుకోకండి. తిడతారన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు, ఆ మౌనం వల్ల రెండో కవరుకూ డబ్బు పంపుతారు.