రాత ఉన్న గుడి, రాత లేని రాయి
సంగారెడ్డి నేల మీద రెండు రోజుల యాత్ర



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసే మన తాండాల పిల్లలు చాలామంది ఉన్నారు. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకొని ఉంటారు. వారానికి ఒక్క రోజు సెలవు. ఆ సెలవుకు ఇంకో రోజు కలిస్తే బైకుల మీద గుళ్లకు బయలుదేరుతారు. బీరంగూడ గుట్ట, రుద్రారం గణేశ్‌గడ్డ, ఝరాసంగం, ఏడుపాయల అందరికీ తెలిసిన దారే. దేవుణ్ణి మొక్కి, ఫొటో దిగి వచ్చేస్తాం. ఆ దారిలో చదవడానికి ఎంత చరిత్ర ఉందో, అందులో మన చరిత్ర ఎక్కడ ఉందో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి రోజు: హైవే వెంట

యాత్ర బీరంగూడ గుట్ట మీద భ్రమరాంబికా మల్లికార్జున స్వామి దగ్గర మొదలవుతుంది. శ్రీశైలంలోని పేర్లే ఇక్కడా ఉన్నాయి. శివరాత్రికి జాతర జరుగుతుంది. గుట్ట మీద నిలబడి చూస్తే చుట్టూ అపార్టుమెంట్లు, కంపెనీలు కనిపిస్తాయి. కానీ ఈ నేల నిన్న మొన్న పుట్టింది కాదు. పటాన్‌చెరు పాత పేరు పొట్టలకెరె. వెయ్యేళ్ల కిందట కల్యాణి చాళుక్య రాజు జయసింహుడు ఇక్కడ విడిది చేసి రాజ్యం నడిపాడు. ఇక్కడ దొరికిన జైన విగ్రహాలు హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో ఉన్నాయి.

గణేశ్‌గడ్డ దాటి సంగారెడ్డికి వస్తే పక్కనే కలబ్‌గూర్. అక్కడి కాశీ విశ్వేశ్వరాలయం కాకతీయుల కాలం నాటిది. సదాశివపేట వైపు వెళ్తే నందికంది. అక్కడి రామేశ్వరాలయం 11వ శతాబ్దపు చాళుక్య కట్టడం. గోడలు నక్షత్రం ఆకారంలో మూలలు మూలలుగా తిరుగుతాయి. లోపలి స్తంభాల మీద చెక్కిన దేవతలను చూడటానికే ఒక గంట పడుతుంది. సంగారెడ్డికి దగ్గరలోనే కొండాపూర్ ఉంది. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తవ్వితే అక్కడ శాతవాహనుల నాటి ఇళ్లు, నాణేలు, పూసలు బయటపడ్డాయి. మ్యూజియం ఉంది, తప్పక చూడండి.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఈ గుళ్ల వయసు మనకు ఎలా తెలిసింది? శాసనాలు, శిల్పాలు, కట్టడాలు ఉన్నాయి కాబట్టి. రాజు రాయించాడు, శిల్పి చెక్కాడు, పండితులు చదివి పుస్తకాల్లో పెట్టారు.

రెండో రోజు: నీళ్ల దగ్గర

జహీరాబాద్ ప్రాంతంలోని ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు ఉన్నాడు. మిగతా శివాలయాల్లో పూజకు వాడని మొగలిపువ్వు ఇక్కడ వాడతారు. గుడి వెనుక అమృతగుండం ఉంది. కుపేంద్రుడనే రాజుకు చర్మవ్యాధి వస్తే ఈ నీటిలో స్నానం చేసి బాగుపడ్డాడని స్థలపురాణం. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా భక్తులు వస్తారు.

అక్కడి నుంచి జోగిపేట వైపు తిరిగితే మెదక్ జిల్లాలో ఏడుపాయల. మంజీర ఇక్కడ ఏడు పాయలుగా చీలుతుంది. రాళ్ల మధ్య వనదుర్గా భవాని. పైన సింగూరు గేట్లు ఎత్తితే వరద గుడి ముందుకు వచ్చేస్తుంది. పక్కనే 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట ఉంది. శివరాత్రి జాతరకు మన తాండాల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వెళ్తాయి. ఏడు అనే లెక్క, భవాని అనే పేరు మనకు కొత్త కాదు. ఎందుకో చూద్దాం.

తాండా చివర ఏడు రాళ్లు

ఊళ్లో వేపచెట్టు కింద పోచమ్మ, చెరువు కట్ట మీద మైసమ్మ ఉన్నట్టే మన తాండా పొలిమేరలో సీత్లా ఉంటుంది. గోపురం లేదు, శాసనం లేదు. వరుసగా ఏడు రాళ్లు, వాటి ఎదురుగా లూంకడ్ రాయి. ఆషాఢంలో ఒక మంగళవారం వాటిని కడిగి, సున్నం, జాజు పూసి, గుగ్గిళ్లు, లాప్సి పెట్టి మొక్కుతాం. ఆవులను, మేకలను ఆ రాళ్ల ముందు నుంచి తోలుతాం.

ఆ ఏడుగురి పేర్లు మీ దాదీని అడగండి. సీత్లా, మేరామ, తుళ్జా, హింగ్లా, కంకాళి... ఇలా చెబుతుంది. తాండాను బట్టి పేర్లు కొంచెం మారవచ్చు. తుళ్జా పేరులో మహారాష్ట్రలోని తుల్జాపూర్ భవాని వినిపిస్తుంది. మన పటాన్‌చెరు మీదుగా పోయే హైవేనే సోలాపూర్ దాకా పోతుంది, అక్కడి నుంచి తుల్జాపూర్ దగ్గరే. హింగ్లా పేరులో హింగ్లాజ్ మాత వినిపిస్తుంది. ఆ క్షేత్రం ఇప్పటి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో ఉంది. చదువు రాని మన ముత్తవ్వలు అంత దూరపు పేర్లను నోటిలో దాచుకొని వచ్చారు. నా దృష్టిలో ఆ ఏడు రాళ్లు మన జాతి నడిచిన దారికి పటం లాంటివి.

ఆ దారి లదేణీ దారి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని మన పెద్దలు దేశమంతా తిరిగారు. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాటికి ధాన్యం మోసింది బంజారా ఎద్దులే. ఎద్దు బతికితేనే మనం బతికేది. అందుకే సీత్లా మశూచి నుంచి పిల్లలను కాపాడే తల్లి, రోగాల నుంచి పశువులను కాపాడే తల్లి కూడా. ఝరాసంగంలో రాజు రోగం పోయిన కథ ఉంది. తాండాలో రాజు లేడు, పిల్లలూ ఎద్దులూ ఉన్నారు. అడిగిన వరం మాత్రం ఒకటే.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. మీరు లింగంపల్లిలో ఎక్కే రైలు పోయేది ఆ దారి మీదే. రైళ్లు వచ్చాక ఎద్దుల మీద సరుకు పంపేవాళ్లు తగ్గిపోయారు. దానికి ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దేశంలో అనేక చోట్ల సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసిన చట్టం అది. 1952లో రద్దయింది. తిరగడం మాని మనవాళ్లు అడవి అంచుల్లో, గుట్టల పక్కన స్థిరపడ్డారు. స్థిరపడిన చోట సీత్లా రాళ్లు నిలబెట్టుకున్నారు. కాబట్టి ఆ రాళ్లు మన తాండా పుట్టిన రోజుకు సాక్షి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. 2018 చట్టంతో ఎన్నో తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఈ రెండూ గెజిట్‌లో రాసి ఉన్నాయి. ఆ రాళ్లను ఎవరు నిలబెట్టారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

మంగళవారం, ఆదివారం

ఇప్పుడు అసలు మాట. సీత్లా మంగళవారం వస్తుంది. కంపెనీకి సెలవు ఆదివారం. మశూచి పోయింది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోగం లేదని ప్రకటించింది. ఎద్దులు తగ్గి ట్రాక్టర్లు వచ్చాయి. ఆదివారం తెరిచి ఉండే పెద్ద గుళ్లకు మనం పోతున్నాం, మంగళవారపు తల్లి దగ్గర ముసలివాళ్లే మిగులుతున్నారు. గుళ్లకు పోవద్దని నేను అనను, నేనూ పోతాను. కానీ నందికందికి పురావస్తు శాఖ ఉంది. సీత్లా రాళ్లకు మనం తప్ప ఎవరూ లేరు.

భూమి కట్టుబడిలోకి వస్తే ఏమవుతుందో పటాన్‌చెరు చెబుతుంది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది, తర్వాత పారిశ్రామికవాడ పెరిగింది. పొలాలు ఫ్యాక్టరీలయ్యాయి. మంజీరలో కలిసే నక్కవాగు రసాయనాలతో పాడైంది, కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాగు పాడైతే కోర్టు కాగితాల్లో ఆ మాట ఉంది. పేరు రాయని ఏడు రాళ్లను ప్లాట్లు చేసేవాడు ఒక పూటలో పక్కకు నెట్టేస్తే, అక్కడ అవి ఉన్నాయని చెప్పే కాగితం కూడా ఉండదు.

మా హాస్టల్ పిల్లలకు సెలవుల్లో నేను ఒక పని ఇస్తాను. మీరూ చేయండి.

ఒక ఆదివారం మీ తాండాకే యాత్ర చేయండి. తాండా ఎప్పుడు, ఏ నాయక్ కాలంలో, ఎక్కడి నుంచి వచ్చి స్థిరపడిందో పెద్దలను అడగండి. ఏడుగురి పేర్లు వాళ్లు పలికినట్టే రాయండి. గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాయండి. పాటలు, మొక్కుల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. రాళ్లు ఉన్న చోటు సర్వే నంబరు తెలుసుకొని, ఫొటోతో కలిపి గ్రామసభ ముందు పెట్టండి, తీర్మానం రాయించండి. సేవాలాల్ మహరాజ్ గుడి ముందు తెల్ల జెండా ఎప్పుడు ఎగిరిందో, మొదటి భోగ్ ఎవరు చేశారో కూడా రాయండి. ఏటా ఫిబ్రవరి 15న జయంతి రోజున ఆ నోటుపుస్తకం అందరి ముందు చదవండి.

చాళుక్య రాజు దగ్గర శాసనం చెక్కేవాళ్లు ఉన్నారు. మన ముత్తవ్వల దగ్గర లేరు. ఇప్పుడు మీరు చదువుకున్నారు, మీ చేతిలో పెన్ను ఉంది. దాదీ ఉండగానే రాయండి.

జై సేవాలాల్.