‘ఒప్పు’ అను పదము

బస్తరు సీమ దక్షిణపు కొసను, 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో, కిష్టారమను గ్రామము కలదు. పేరు అచ్చముగ తెలుగువారిదే. సత్తుపల్లి దాపునను ఒక కిష్టారమున్నది. చిందక నాగవంశీయుల నాటి బస్తరు శాసనములలో తెలుగువియు కలవు గనుక ఇందు వింత లేదు. కోయలును, దోర్లలును నివసించు ఈ యెల్లసీమలో అడవి ఎవరి ఒప్పుదలతో ఎవరికి చెల్లెనను ప్రశ్న పాతది. కావున ‘ఒప్పు’ అను మాటను ఇచ్చటనే నిలిచి విచారించుట తగును.

ఈ ధాతువు దక్షిణదేశ భాషల ఉమ్మడి సొత్తు. కన్నడమున దానికి అంగీకరించుట యను అర్థము కలదు, తమిళమున పోలిక, మలయాళమున చేవ్రాలు. తెలుగున దాని విరివి మెండు. తప్పునకు ఎదురుమాటగా న్యాయమును చెప్పును. కావ్యములలో శోభిల్లుటను చెప్పును. వాడుకలో సమ్మతించుటను చెప్పును. సరిపడుట మూలార్థమని తలచినచో ఈ మూడును ఒక త్రాటికి వచ్చును. కంటికి సరిపడినది అందము, నీతికి సరిపడినది న్యాయము, మనసునకు సరిపడినది సమ్మతి. సంస్కృతపు ‘అంగీకారము’ పరులదానిని తన యంగముగ చేసికొనుట. ‘ఒడంబడిక’ తమిళపు ‘ఉడన్‌పడిక్కై’కి తోబుట్టువు. ‘సరే’ యన్నది ‘సరియే’ యనుటకు కుదింపు. ఇవి యన్నియు పనికివచ్చు మాటలే కాని, ‘ఒప్పు’నకు గల సొగసు వీనికి లేదు.

‘ఒప్పుకొను’ అనుదానిలో ‘కొను’ చేరుటచే, ఆ పని తనంత తాను చేయువాడు కర్త యగుచున్నాడు. ‘ఒప్పించు’ అన్నచో కర్త మరియొకడు. ఈ రెంటి నడుమనున్న దూరమే బస్తరున పెక్కు కలహములకు మూలము.

1859లో దక్షిణ బస్తరు సాలవృక్షములను నరుకుటకు హైదరాబాదు గుత్తేదారులకు అనుమతి లభించెను. ఆ చెట్ల నీడను పుట్టి పెరిగిన దోర్లలు ఒప్పుకొనలేదు. భెజ్జి, కోటపల్లి మున్నగు జమీలలో వారు గుత్తేదారుల మనుష్యులపై తిరుగబడిరి. కడకు కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ గుత్తను నిలుపవలసివచ్చెను. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటునకును అడవిని కట్టడిచేయుట ఒక హేతువు.

నేటి శాసనములలో ఈ తగవు మాటల తగవుగా నిలిచినది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము భూసేకరణకు ముందు గ్రామసభతో ‘సంప్రదింపు’ కోరెను. 2013 నాటి భూసేకరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో ముందస్తు ‘సమ్మతి’ కావలెననెను. సంప్రదింపు అడుగుటతో తీరును. సమ్మతిని అడుగువానికి ‘కాదు’ అను ఉత్తరమును వినవలసిన బాధ్యత యున్నది. అనువాదకు డొకడు ఈ రెంటికిని ఒకే తెలుగు మాట వేసెనేని, ఒక గ్రామమున కుండిన హక్కు ఆ వాక్యములోనే జారిపోవును.

మౌనము అర్ధాంగీకారమను లోకోక్తి యొకటి మనకు కలదు. అది పెండ్లిమాటలకు చెల్లును కాబోలు. హిందీలో చదివిన తీర్మానమును విని కోయ పెద్ద ఊరకున్నచో దానిని అర్ధాంగీకారముగ వ్రాసికొనుట ఎట్లు? కథ చెప్పునపుడు మన పల్లెలలో వినువారు ‘ఊఁ’ కొట్టుదురు. మెలకువగా వినుచున్నామని దానికి అర్థము. కథలోని రాజు చేసినదెల్ల తమకు సమ్మతమని ఎవరును అనుకొనరు.