అడవి పొద నుంచి ప్లాస్టిక్ డబ్బా దాకా: బ్లూబెర్రీ చరిత్ర



జూన్‌లో హాస్టల్ తెరిచిన వారంలో మా పాత విద్యార్థిని ఒకమ్మాయి చూడటానికి వచ్చింది. విశాఖపట్నంలో ఒక పెద్ద దుకాణంలో పండ్ల దగ్గర పని చేస్తోంది. వస్తూ వస్తూ పిల్లల కోసం అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చింది. లోపల నీలంగా, పైన బూడిద రాసినట్టున్న చిన్న పండ్లు. నూట పాతిక గ్రాములట, మూడు వందల పైమాటేనట. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఒక పండు నోట్లో వేసుకుని, "మేడమ్, ఇది మా కొండ మీద కలివిపండు లాగే ఉంది. దీనికెందుకంత రేటు?" అని అడిగింది. అంతకు రెండు రోజుల ముందే వాళ్ళమ్మ అడ్డాకు దొప్పలో కలివిపండ్లు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. సంతలో వాటిని గ్లాసుతో కొలిచి పది రూపాయలకు ఇచ్చేస్తారు.

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

బ్లూబెర్రీ ఉత్తర అమెరికా అడవుల పండు. పండు అడుగున అయిదు కోణాల నక్షత్రం లాంటి గుర్తు ఉంటుంది. అందుకే అక్కడి ఆదివాసులు కొందరు దాన్ని చుక్క పండు అన్న అర్థంలో పిలిచేవారు. మనం మామిడి తాండ్ర, ఇప్పపువ్వు ఎండబెట్టుకున్నట్టే వాళ్ళు ఈ పండ్లు ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవారు. 1615లో హ్యూరన్ సరస్సు ప్రాంతానికి వెళ్ళిన ఫ్రెంచి యాత్రికుడు శాంప్లేన్ ఆ పని చూసి రాసిపెట్టాడు. ఈశాన్యాన, ఇప్పుడు మెయిన్ అనే రాష్ట్రంలో, వబనాకీ తెగలవాళ్ళు పొదలున్న నేలను కొన్నేళ్ళకోసారి తగలబెట్టేవారు. పైన కాలినా భూమిలోని దుంపకాండం బతికి ఉండి, కొత్త చిగురు వేసి బాగా కాస్తుంది. మన పెద్దలు కొండకు నిప్పు పెడితే అజ్ఞానం అని పుస్తకాల్లో చదువుకున్నాం కదా! అక్కడ ఇప్పటికీ వ్యాపార తోటల వాళ్ళు కొందరు ఆ పద్ధతే పాటిస్తున్నారు.

అడవిలో ఇంత కాస్తున్నా తోటలో వేస్తే మాత్రం బతికేది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా బ్లూబెర్రీని సాగు చేయడం కుదరదనే అందరూ అనుకున్నారు. అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కొవిల్ 1906లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. పేడ ఎరువు, సున్నం వేసిన మంచి తోట మట్టిలో మొక్క చచ్చిపోతోంది. పుల్లటి మట్టిలో, అంటే ఆమ్లగుణం ఉన్న తడి నేలలో, బాగా పెరుగుతోంది. మంచి నేల అని రైతులు అనుకునేదే దీనికి విషం. ఈ సంగతి ఆయన 1910లో ప్రచురించాడు.

దాన్ని న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అనే చోట ఎలిజబెత్ వైట్ అనే ఆమె చదివింది. వాళ్ళ నాన్నది క్రాన్‌బెర్రీ తోట. క్రాన్‌బెర్రీకి కావలసిందీ పుల్ల నేలే. పైగా బ్లూబెర్రీ పంట క్రాన్‌బెర్రీ కన్నా ముందే చేతికొస్తుంది, కూలీలకు వరసగా పని దొరుకుతుంది. 1911లో ఆమె కొవిల్‌కు ఉత్తరం రాసింది: మా నేలలో చేసి చూడండి, సాయం చేస్తామని.

ఇక్కడి నుంచి కథ మనకు బాగా దగ్గరగా ఉంటుంది. ప్రయోగానికి మంచి పొదలు కావాలి. అవి ఎక్కడున్నాయో కొవిల్‌కూ తెలియదు, వైట్‌కూ తెలియదు. చుట్టుపక్కల పైన్ అడవుల్లో కట్టెలు కొట్టుకుని, పండ్లు ఏరుకుని బతికే పేదలకు తెలుసు. పట్నం వాళ్ళు వాళ్ళను 'పైనీలు' అని ఎగతాళి చేసేవారు. వైట్ వాళ్ళకు రంధ్రం ఉన్న కొలబద్దలు ఇచ్చింది. రంధ్రం వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, సుమారు 16 మిల్లీమీటర్లు. పండు అందులోంచి జారిపోకూడదు. అలాంటి పొద చూపిస్తే ఒకటి నుంచి మూడు డాలర్ల దాకా ఇచ్చేది, పొద దగ్గరికి తీసుకెళ్ళిన సమయానికి కూలి వేరే. పొదకు చూపించినవాడి పేరే పెట్టేది. శామ్, హార్డింగ్ అలా వచ్చినవే. రూబ్ లీక్ అనే అతను చూపించిన పొద 'రూబెల్' అయింది. వంద దాకా పొదలు పోగయ్యాయి. వాటి నుంచి ఎంచి, సంకరం చేసి 1916లో మొదటి తోట పంటను అమ్మారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో రకాల్లో రూబెల్ వంశం ఉంది. రూబెల్ మొక్కలు ఇప్పటికీ అమ్ముతారు.

వైట్ పేరు పెట్టింది, డబ్బిచ్చింది, ఆమెను గౌరవించాల్సిందే. కానీ నేను చూసిన ఆ పేర్లలో లెనాపే తెగ పేరు ఒక్కటీ లేదు. ఆ అడవులు మొదట లెనాపేలవి. వైట్స్‌బాగ్ ఉన్న బర్లింగ్టన్ కౌంటీలోనే 1758లో బ్రదర్టన్ అనే రిజర్వేషన్‌లో వాళ్ళను ఉంచారు. 1801లో ఆ భూమి అమ్మకానికి చట్టం చేశారు. మరుసటి ఏడాది వాళ్ళు న్యూయార్క్ వైపు వలస వెళ్ళారు. నూరేళ్ళ తర్వాత కొలబద్ద పట్టుకుని పండ్లు వెతికేనాటికి, ఆ పొదలను అందరికన్నా ముందు ఎరిగినవాళ్ళలో ఎక్కువమంది అక్కడ లేరు.

మెయిన్‌లో కథ ఇంకోలా నడిచింది. అక్కడ పొట్టి అడవి పొదలనే కాపాడుతూ కాయిస్తారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో డబ్బాల్లో నింపడం మొదలైంది, అంతర్యుద్ధంలో సైన్యానికి ఆ డబ్బాలు వెళ్ళాయి. పసమాక్వాడి తెగవాళ్ళు తమ నేలలోనే కూలీలై పండ్లు దువ్వారు. దువ్వడం అని ఎందుకన్నానంటే, పళ్ళ దువ్వెన లాంటి చేట పనిముట్టుతో పొదను దువ్వితే పండ్లు అందులోకి రాలతాయి. 1970లలో వాళ్ళు కోర్టుకెక్కారు. దేశ పార్లమెంటు అనుమతి లేకుండా ఆదివాసీ భూమి కొనకూడదని 1790 నాటి చట్టం ఉంది, 1794లో మా భూమి తీసుకున్న ఒప్పందానికి ఆ అనుమతి లేదు, అన్నది వాదన. మన 1/70 చట్టం తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1980లో 8 కోట్ల 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. పసమాక్వాడిలు తమ వాటాలోంచి కొలంబియా ఫాల్స్ దగ్గర బ్లూబెర్రీ నేల కొన్నారు. ఇప్పుడది తెగ సొంత కంపెనీ, సుమారు 2,000 ఎకరాలు. ఆగస్టు వస్తే కెనడా నుంచి మిక్మా తెగ కుటుంబాలు కూడా దువ్వడానికి వస్తాయి. రాజీలో తెగ వదులుకున్నవీ చాలా ఉన్నాయి, దాని మీద గొడవ అక్కడ ఇంకా నడుస్తోంది.

ఇక బజారు విషయం. పండు త్వరగా పాడవుతుంది కాబట్టి దాని వ్యాపారమంతా ప్యాకింగు మీద నడిచింది. వైట్ కాలంలో డబ్బా మీద సెల్లోఫేన్ కప్పేవారు, తర్వాత మూతతో కలిసిన పారదర్శక ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. 1990లలో ఈ పండులో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువని ప్రయోగశాలల వార్తలు రాగానే గిరాకీ ఎగబాకింది. ఉత్తరాన చలికాలంలో చిలీ పంట వెళ్ళసాగింది. 2010 ప్రాంతంలో ఎగుమతి ఊసే లేని పెరూ, ఎడారి తీరానికి ఆండీస్ నీళ్ళు పారించి, బొట్టుబొట్టు సేద్యంతో పదేళ్ళలోనే ప్రపంచ ఎగుమతుల్లో ముందుకొచ్చింది. అక్కడ బాగా పాకిన రకం 'బిలోక్సీ'. దానికి చలి పెద్దగా అక్కర్లేదు. బిలోక్సీ అన్నది మిసిసిపీ తీరపు ఆదివాసీ తెగ పేరు. తెగ పేరు ఊరికి, ఊరి పేరు పండుకు వచ్చింది. పండు తిన్నవాళ్ళలో ఎంతమందికి ఆ తెగ తెలుసో! కొత్త రకాలు చాలావాటికి ఇప్పుడు పేటెంటు ఉంది. నాటిన రైతు కంపెనీకి రాయల్టీ కట్టాలి. 2023లో మన దేశం అమెరికాతో ఒప్పందంలో బ్లూబెర్రీ మీద సుంకం తగ్గించడానికి ఒప్పుకుంది. మన దుకాణాల్లో ఆ డబ్బాలు పెరగడానికి అదీ ఒక కారణం.

మన వైపు లంబసింగిలో చలికాలం స్ట్రాబెర్రీ వేస్తున్నారు, మంచు చూడటానికి వచ్చినవాళ్ళు తోటలోనే కొనుక్కుంటున్నారు. మంచిదే. అది బయటి నుంచి తెచ్చిన మొక్క. మన నేరేడు, కలివి, తునికి, ఈత, పరికి పండ్లకు మాత్రం ఇప్పటికీ గ్లాసు కొలతే. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొంటోంది, కానీ రెండు రోజుల్లో మెత్తబడిపోయే పండు చింతపండులా గోదాములో ఆగదు. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు మనదే. వంగడాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001లో ఒక రకాన్ని తరాలుగా కాపాడిన సమాజానికి గుర్తింపు, పరిహారం కోరే వీలుంది. కోరాలంటే ఏ చెట్టు, ఎక్కడ, ఎవరు కాపాడారు అన్నది రాసి ఉండాలి. మన దగ్గర రాసి లేదు.

మా పిల్లలు అట్టముక్కకు 16 మిల్లీమీటర్ల రంధ్రం చేశారు. కలివిపండ్లన్నీ టపటపా జారిపోయాయి, అందరూ నవ్వారు. నేరేడు జారలేదు. అప్పుడు ఒక పిల్ల, వాళ్ళ అవ్వ గెడ్డ ఒడ్డున నేరేడు చెట్లన్నిటికీ వేరువేరు పేర్లు పెట్టి పిలుస్తుందని చెప్పింది. ఒకదాని పండు వగరు ఉండదట, ఒకటి అందరికన్నా ఆలస్యంగా కాస్తుందట. ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు అవ్వను అడిగి రాసుకురమ్మన్నాను. ఏడు చెట్లు రాసుకొచ్చింది. ఇప్పుడు హాజరు రిజిస్టరు పక్కన ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాం: చెట్టు పేరు, చోటు, కాపు నెల, రుచి, చెప్పినవారి పేరు. మూడు పేజీలు నిండాయి. మీ ఊళ్ళో అవ్వాతాతలు ఇంకా కొండెక్కుతుంటే ఈ పండ్ల కాలంలోనే వాళ్ళ వెంట వెళ్ళి రాసి పంపండి. చెప్పినవారి పేరు మరవకండి.