యాదిమరుపు

తెలంగాణలోని బసంత్‌నగర్‌లో, చెప్పిన పని మరిచినవారు 'యాదిమరిచిన' అంటారు. పారశీక 'యాద్' ఉర్దూ మీదుగా వచ్చి, చివర ఇకారం తగిలించుకుని తెలంగాణ మాటైంది. రచయిత సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి 'యాది' అనే పేరు పెట్టారు. యాదుంచుకొనుడు, యాదికొచ్చుడు, యాదిజేసుడు: ఒక్క మాటకు మూడు పనులు.

కీమోథెరపీ తర్వాత చాలామందిలో తడబడేది రెండోది. విషయం తలలోనే ఉంటుంది, అడిగినప్పుడు యాదికి రాదు. తెలిసిన పేరు నోటికి అందదు, రెండు పనులు ఒకేసారి సాగవు. డాక్టర్లు 'కీమో బ్రెయిన్' అనేది దీన్నే. కారణం మందు ఒక్కటే కాదు; జబ్బు, రక్తహీనత, నిద్రలేమి, దిగులు కూడా తోడవుతాయి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన కీమో మందు మెథోట్రెక్సేట్ ఎన్నో ప్రాణాలు నిలిపింది. అదే మందు మెదడులోని మైక్రోగ్లియా కణాలను రేపి నరాల పైతొడుగును దెబ్బతీస్తోందని 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల్లో గమనించారు.

చాలామందికి ఈ మరుపు నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మందుల వేళలు క్యాలెండర్ మీద రాసుకోవాలి, ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి, తాళాలు ఒకే చోట ఉంచాలి. రోజూ కాస్త నడక, కంటినిండా నిద్ర మేలు. ఉన్నట్టుండి మనిషి అయోమయంలో పడితే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

'యాదిజేసుడు' అంటే తలచుకోవడం, గుర్తుచేయడం కూడా. ఇంట్లోవాళ్లు 'గింత గూడ యాదిలేదా?' అని గద్దించే బదులు 'నేను యాదిజేస్త తియ్యి' అంటే సగం భారం దిగుతుంది.